కొండ మెట్ల దాకా: విశాఖలో వైద్యాన్నీ ఆసరానూ కలిపే పేట బృందం కట్టుకోవడం ఎలా

మా పెద్దమ్మ పక్షవాతంతో పదకొండు రోజులు ఒక ఆసుపత్రిలో ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి డిశ్చార్జ్ అన్నారు. ప్లాస్టిక్ కవరులో కాగితాలు, స్కాన్ ఫిల్ము, పది రోజుల మందులు పెట్టి చేతికిచ్చారు. యూరిన్ పైపు ఎప్పుడు మార్చాలో వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆటో కొండ కిందే ఆగిపోయింది. అక్కణ్నుంచి 83 మెట్లు. పెద్దమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చారు. తొమ్మిదో రోజుకి నడుం కింద రూపాయి బిళ్లంత పుండు, పైగా జ్వరం. మళ్లీ అదే కుర్చీ, అవే మెట్లు, అదే వార్డు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆశా వర్కర్ ఇల్లు మాకు రెండు సందుల అవతలే. వార్డు సచివాలయంలో ఏఎన్ఎమ్ (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) సిస్టర్ ఉంది. అర్బన్ హెల్త్ సెంటర్ నడిచి వెళ్తే పావుగంట. మధ్యలో ఒకటో తారీఖు వస్తే సచివాలయం అబ్బాయి పింఛను పట్టుకుని మంచం దాకా వచ్చాడు కూడా. వేలిముద్ర వేయించుకుని, "జాగ్రత్తమ్మా" అని చెప్పి వెళ్లాడు. ఎవరి పని వాళ్లు సక్రమంగానే చేశారు. ఒకరి కళ్లతో చూసింది ఇంకొకరి చెవిన పడలేదు, అంతే.

ఆ తర్వాత కంచరపాలెం వైపు మా కొండవాలులో కొంతమందిమి కలిసి ఒక బృందం కట్టుకున్నాం. విశాఖలో ఆసుపత్రులకు కొదవ లేదు, పథకాలకూ కొదవ లేదు. మంచం మీదున్న మనిషికీ వీటన్నిటికీ మధ్య నిలబడి "ఇది నా పూచీ" అనే మనిషే ఉండరు. ఆ మనిషిని ఎలా నిలబెట్టాలో మేం తడబడుతూ నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

1. ముందు హద్దు గీసుకోండి

విశాఖ నగరపాలక సంస్థలో, అంటే జీవీఎంసీలో 98 వార్డులు. 2011 జనాభా లెక్కల్లోనే నగరం 17 లక్షలు దాటింది, అంటే వార్డుకి 17 వేల పైమాటే. అంతమందిని ఒక బృందం మొహాలు గుర్తుపట్టి చూసుకోలేదు. సచివాలయం పరిధి నయం. 2019 అక్టోబరులో వీటిని మొదలుపెట్టినప్పుడు పట్టణాల్లో సుమారు 4,000 జనాభాకి ఒకటి అనుకున్నారు. అర్బన్ హెల్త్ సెంటర్ మాత్రం జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్కలో 50,000 మందికి ఒకటి. ఈ రెంటికీ మధ్య కొలత పట్టుకోండి. ఒకే హెల్త్ సెంటర్ కిందికి వచ్చే రెండు మూడు సచివాలయాలు చాలు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బూర్ట్‌జోర్గ్ అనే సంస్థలో ఇళ్లకు వెళ్లే నర్సుల జట్టు 12 మందికి మించదు, తమ పేట పనులు తామే పంచుకుంటారు. ఇంగ్లండ్‌లో 2022లో క్లెయిర్ ఫుల్లర్ అనే డాక్టరు ఇచ్చిన నివేదిక కూడా పేటకో బృందం ఉండాలనే చెప్పింది. వాళ్ల దగ్గర నర్సులున్నారు, మన దగ్గర ఇరుగుపొరుగు ఉన్నారు. కాబట్టి వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవద్దు.

తర్వాత ఒక పెద్ద అట్ట మీద మ్యాప్ గీయండి. కొండవాలులో ఫోన్ మ్యాప్ కొంతవరకే పనికొస్తుంది, ఏ ఇంటికి ఎన్ని మెట్లో అది చెప్పదు. ఆటో ఎక్కడిదాకా వస్తుంది, 108 ఎక్కడ ఆగుతుంది, స్ట్రెచర్ ఏ మలుపులో తిరగదు, కుళాయి ఎక్కడుంది, ఇవన్నీ గుర్తు పెట్టండి. జాలరిపేటల్లోనైతే మెట్లుండవు గానీ సందులు ఇరుకు. ఒక్కో పేటకు ఒక్కో అడ్డంకి.

2. ఒకే సందు, వేరువేరు పైఅధికారులు

మీ హద్దులో ఇప్పటికే జీతానికో గౌరవ వేతనానికో పనిచేస్తున్న వాళ్ల పేర్లు రాసుకోండి. హెల్త్ సెంటర్ డాక్టరు, స్టాఫ్ నర్సు. సచివాలయంలో ఏఎన్ఎమ్, పింఛన్లు చూసే వెల్ఫేర్ సెక్రటరీ, మహిళా పోలీస్. ఆశా వర్కర్లు. అంగన్‌వాడీ టీచర్. డ్వాక్రా సంఘాలను చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్. వీళ్లలో దాదాపు ఎవరి పైఅధికారి వారికే. ఆశా ఆరోగ్య శాఖ, అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమం, ఆర్పీ మెప్మా. అందుకే వీళ్లు రోజూ ఒకే సందులో ఎదురుపడుతున్నా కలిసి కూర్చునే సందర్భం రాదు.

మొదట కలవాల్సింది హెల్త్ సెంటర్ డాక్టర్ని. ఓపీ అయ్యాక, మధ్యాహ్నం పూట వెళ్లండి. "మీకు కొత్త పని తేలేదు మేడమ్, మీ దగ్గరికి రాలేకపోతున్న ఇరవై మంది పేర్లు తెచ్చాం" అనండి. ఆ మాట పనిచేస్తుంది. ఆమె సరే అంటే జీవీఎంసీ ఆరోగ్య విభాగానికీ, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయానికీ ఒక్క పేజీ ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి. మీరు అడుగుతున్నది ఆర్డరు కాదు, అభ్యంతరం లేదన్న మాట. రేపు ఎవరైనా ఏఎన్ఎమ్‌ని "నీకెందుకు ఈ మీటింగులు?" అని అడిగితే ఆ కాగితమే ఆమెకు గొడుగు.

జీతం లేని వాళ్ల జాబితా ఇంతకన్నా ముఖ్యం. మా బృందంలో అందరికన్నా ఎక్కువ సమాచారం తెచ్చేది మందుల షాపు ఆయన. ఎవరు ఇన్సులిన్ కొనడం మానేశారో, ఎవరు డైపర్లు కొనడం మొదలుపెట్టారో ఆయనకే ముందు తెలుస్తుంది. రిటైరైన నర్సు ఒకరు, స్టాండులో ఆటో డ్రైవర్లు ఇద్దరు, రామాలయం కమిటీ నుంచి ఒకరు, చర్చి నుంచి ఒకరు. కార్పొరేటర్ గారిని మొదటి మీటింగుకి పిలవండి, గౌరవంగా టీ ఇవ్వండి, ఫొటో తీయించండి. అధ్యక్షుణ్ని మాత్రం చేయకండి. ఏ పార్టీ వాళ్లనైనా సరే. చేస్తే, వచ్చే ఎన్నికలనాటికి సగం ఇళ్ల తలుపులు మీకు మూసుకుపోతాయి.

3. ఇరవై పేర్లతో మొదలుపెట్టండి

మేం చేసిన మొదటి తప్పు ఇంటింటి సర్వే. నెల రోజులు తిరిగాం, నోటుబుక్కులు నిండాయి, ఒక్కరికీ మేలు జరగలేదు. పైగా "మళ్లీ సర్వేనా?" అని జనం విసుక్కున్నారు. బీపీ, షుగర్ల లెక్కలు ఆశా దగ్గర ఇప్పటికే ఉన్నాయి, పింఛన్ల జాబితా సచివాలయంలో ఉంది. కొత్తగా రాయాల్సినవి తక్కువ.

వెల్ఫేర్ సెక్రటరీని ఒకే ప్రశ్న అడగండి: "ఒకటో తారీఖున మీరు మంచం దాకా వెళ్లి వేలిముద్ర తీసుకునేది ఎవరి దగ్గర?" సగం జాబితా అక్కడే వస్తుంది. మిగతా సగం వీళ్లలో వెతకండి: నెల లోపు ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, కొత్తగా టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లు, క్యాన్సర్ నొప్పితో ఉన్నవాళ్లు, పగలంతా తలుపేసుకుని లోపలే ఉండే మానసిక రోగులు. గర్భిణులను చేర్చవద్దు. వాళ్లను వెంటాడే వ్యవస్థ ఇప్పటికే గట్టిగా ఉంది, మీ చేయి లేకపోయినా నడుస్తుంది.

ఇరవై దాటనివ్వకండి. ఒకరు కోలుకుంటే ఇంకొకరు చేరతారు.

4. పేరు పక్కన పేరు

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. ప్రతి రోగి పేరు పక్కన ఒకే ఒక్క పేరు రాయాలి. ఆ మనిషినే మేం "పూచీ మనిషి" అంటాం. పని అంతా ఆ మనిషే చేయాలని కాదు. పని ఎక్కడ ఆగిందో ఆ మనిషికి తెలిసి ఉండాలి, ఆగితే తను ఫోన్ చేయాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చేయరు. "బృందం చూసుకుంటుంది" అని రాస్తే అసలే చేయరు.

పూచీ మనిషిని హోదాని బట్టి కాకుండా ఆ ఇంటివాళ్లు ఇప్పటికే ఎవరిని పిలుస్తారో చూసి ఎంచుకోండి. పక్షవాతం మనిషికి ఏఎన్ఎమ్ కావచ్చు. ఒంటరి ముసలాయనకి రోజూ పాల ప్యాకెట్ వేసే అబ్బాయే నయం కావచ్చు. ఒక్కొక్కరికి ముగ్గురికి మించి పూచీ పెట్టకండి. ఆశా వర్కర్‌కైతే ఇద్దరు చాలు, ఆమె నెత్తిన ఇప్పటికే చాలా ఉంది.

పూచీ మనిషి పేరు, ఫోన్ నంబరు మార్కరుతో పెద్దగా రాసి ఆ ఇంట్లో గోడ క్యాలెండర్ పక్కన అతికించండి. ఫోన్‌లో సేవ్ చేస్తే చాలదు. అర్ధరాత్రి కంగారులో కోడలి ఫోన్ ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది?

5. మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు

ఇద్దరు వెళ్లండి, ఒకరు వైద్యం వైపు, ఒకరు ఆసరా వైపు. చెప్పులు బయట విప్పి, ముందు కూర్చోండి. బీపీ మిషను బయటికి తీయడానికి ముందు పది నిమిషాలు మాటలు అవనివ్వండి. మీరెవరో, ఏం రాసుకుంటారో, ఎవరికి చెబుతారో చెప్పి, "సరేనా అమ్మా?" అని అడగండి. వద్దంటే లేచి వచ్చేయండి. ఇంకోసారి వెళ్లొచ్చు.

ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఆవిడకి డెబ్బై దాటాయి, కొడుకు గాజువాక వైపు పనికి వెళ్తాడు, పగలంతా ఒక్కతే. "కళ్లు తిరుగుతున్నాయి" అంటుందని కొడుకు చెప్పాడు. బీపీ పడిపోయి ఉంది. నర్సు మందులు చూపించమంటే ఆవిడ మంచం కింద నుంచి బిస్కెట్ డబ్బా లాగింది. అందులో రెండు రకాల స్ట్రిప్పులు, రెండు కంపెనీల పేర్లు. పేర్ల కింద ఉన్న చిన్న అక్షరాలు చూస్తే రెండూ ఆమ్లోడిపిన్. ఒకటి హెల్త్ సెంటర్లో ఇచ్చింది, ఇంకోటి ప్రైవేటు డాక్టరు రాసింది. ఆవిడ రెండూ వేసుకుంటోంది.

"ఏటి బాబూ, రెండూ బీపీ బిళ్లలేనా? ఒకటి తెల్లది, ఒకటి పచ్చది కదా" అంది.

అంతటితో అయిపోలేదు. కళ్లు తిరుగుతున్నాయని బయట ఉన్న బాత్రూముకి వెళ్లడానికి భయం. అందుకని నీళ్లు తాగడం తగ్గించేసింది. అందుకు మూత్రంలో మంట. మంటకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు మూడో రకం. ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదంటే, "దిగితే మళ్లీ ఎక్కనేను బాబూ" అంది. ఒక డబ్బా తెరిస్తే ఇంత కథ.

మేం ఏ బిళ్లా ఆపలేదు. ఆపడం మన పని కాదు. స్ట్రిప్పుల వెనక వైపు ఫొటోలు తీసి అక్కడి నుంచే డాక్టరుకి ఫోన్ చేశాం. ఏది ఉంచాలో, ఏది ఆపాలో ఆమే నేరుగా ఆవిడతో మాట్లాడి చెప్పింది. కొడుకు ఆదివారం బాత్రూము దాకా గోడకి పట్టుకుని నడిచే పైపు వేశాడు. ఖర్చు లేని పని అని అనను, ప్లంబరు సామాను ఖరీదే, కానీ ఆసుపత్రి బెడ్డు కన్నా చవక.

కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు చూడాల్సినవి: మందుల డబ్బా మొత్తం, పాతవి సహా. మంచం నుంచి బాత్రూముకి ఎన్ని అడుగులు, మధ్యలో గడప ఎంత ఎత్తు. నిన్న ఏం తిన్నారు ("తింటున్నారా?" అని అడగొద్దు, అందరూ తింటున్నామనే అంటారు). మంచం మీదే ఉన్న మనిషైతే దుప్పటి తీసి తుంటి, నడుం కింద ఎముక, మడమలు చూడాలి. ఎర్రగా కంది, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండుకి అది మొదటి మెట్టు. కనీసం రెండు గంటలకోసారి పక్క మార్చడం ఇంట్లోవాళ్లకి చేసి చూపించండి, చెప్పి ఊరుకోవద్దు.

ఇక చూసుకుంటున్న మనిషి. చాలా ఇళ్లలో కోడలో, కూతురో. ఆమెను పక్కకి పిలిచి, "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావమ్మా?" అని అడగండి. ఇది అడిగితే ఏడ్చినవాళ్లున్నారు. అప్పటిదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ముసలమ్మ ఎలా ఉంది?" అని అడిగినవాళ్లే. వారానికి ఒకసారి రెండు గంటలు ఎవరైనా వచ్చి మంచం పక్కన కూర్చుంటే ఆమె రైతుబజారుకో, గుడికో, ఊరికే పుట్టింటికో వెళ్లొస్తుంది. మా బృందానికి ఎక్కువ దీవెనలు తెచ్చింది ఈ రెండు గంటలే.

6. గురువారం నలభై నిమిషాలు

వారానికి ఒకసారి కలవాలి. సోమవారం వద్దు, అర్జీల రోజు. బుధ, శనివారాలు టీకాలు. ఒకటో తారీఖు పింఛన్లు. మేం గురువారం మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాం. హెల్త్ సెంటర్లోనే, బెంచీల మీద. నలభై నిమిషాలకు అలారం పెట్టి మరీ.

ఒక రిజిస్టరు చాలు. యాప్ గురించి ఎవరైనా మొదలుపెడితే ఆరు నెలల తర్వాత మాట్లాడదాం అనండి. ఏఎన్ఎమ్ ఫోన్‌లో ఇప్పటికే ఎన్ని యాప్‌లున్నాయో ఒకసారి అడిగి చూడండి. రిజిస్టరులో పేరు, ఇంటి గుర్తు, పూచీ మనిషి, ఈ వారం చేయాల్సిన పని, ఎవరు ఎప్పటిలోగా, అయిందా లేదా. ఇంటి గుర్తు అంటే డోర్ నంబరు కాదు, "ట్యాంకు దాటాక ఎడమ, నీలం గేటు, 61వ మెట్టు" అని. పని కూడా అలాగే విడమరిచి రాయాలి. "ఫాలో అప్" అని రాస్తే కొట్టేస్తాం. "సోమవారం లోపు పైపు మార్పించాలి, సిస్టర్" అని రాస్తే ఉంచుతాం.

ప్రతి పేరుకీ రెండు నిమిషాలు: పోయిన వారం పని అయిందా, కొత్తగా ఏం మారింది, తర్వాతి పని ఎవరిది. చర్చ సాగితే ఆ ఇద్దరూ బయట వేపచెట్టు కింద మాట్లాడుకుంటారు. డాక్టరు ప్రతి వారం రాలేకపోవచ్చు, చివరి పది నిమిషాలు వచ్చినా చాలు. ఆ పది నిమిషాలకి మందుల ప్రశ్నలన్నీ దాచిపెట్టండి.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక కచ్చితమైన నియమం. అందులో "మీటింగు మూడింటికి", "కుర్చీ ఎవరి దగ్గరుంది?" లాంటివే రావాలి. రోగి పేరు, జబ్బు, పుండు ఫొటో, ఇవేవీ గ్రూపులో వద్దు. హెచ్ఐవీ సంగతి బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం నేరుగా తప్పు, మానసిక జబ్బు వివరాలకు కూడా అదే ఏడాది వచ్చిన చట్టంలో రక్షణ ఉంది. చట్టం సంగతి అటుంచి, చిన్న పేటలో మాట ఎంత దూరం పోతుందో మనకు తెలియంది కాదు. ఒక అమ్మాయికి టీబీ అన్న సంగతి గ్రూపు దాటి బయటికి పోయి సంబంధం తప్పిపోయింది. ఆ తప్పు మాదే.

7. ఆసుపత్రి గుమ్మం దగ్గర

అసలు తెగిపోయేది ఇక్కడే. పెద్దాసుపత్రి, అదే కేజీహెచ్, 1923 నుంచి ఉంది. ఉత్తరాంధ్ర మొత్తం, పక్కన ఒడిశా నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. ఆ వార్డు సిస్టరు మీ పేటకి ఫోన్ చేసి "ఫలానా ఆవిడను పంపుతున్నాం" అని చెబుతుందని ఆశపెట్టుకోవద్దు. హనుమంతవాక విమ్స్ అయినా, చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రి, మానసిక ఆసుపత్రి అయినా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా అంతే. వాళ్ల రద్దీ వాళ్లది.

ఫోన్ చేసేది ఇంటివాళ్లే. అందుకని ఒక చిన్న అట్టముక్క అచ్చు వేయించాం: "ఆసుపత్రిలో చేరినా, డిశ్చార్జ్ అన్నా ఈ నంబరుకు ఫోన్ చేయండి." రోగుల కాగితాలు పెట్టుకునే కవరులోనే దాన్ని పడేస్తాం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లైతే ఆసుపత్రి కౌంటరులో వైద్యమిత్ర ఉంటారు (జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ, ఆరోగ్యమిత్ర అనే అంటారు), వాళ్లతో ముందే పరిచయం పెట్టుకోండి.

డిశ్చార్జ్ అన్న ఫోన్ రాగానే, మనిషి ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే, ఇంటివాళ్లతో ఈ ప్రశ్నలు అడిగించండి. పైపు ఉంటే ఎన్నాళ్లకి మార్చాలి, ఎక్కడ? (అది పైపు రకాన్ని బట్టి మారుతుంది, ఊహించకూడదు.) కుట్లు ఎప్పుడు విప్పాలి? ముక్కులో పైపు ఉంటే ఏం పోయాలి, ఎంత? ఇచ్చిన మందులు ఎన్ని రోజులకి? పాత మందుల్లో ఏవి ఆపాలి? ఏం జరిగితే వెంటనే రావాలి? మళ్లీ ఎప్పుడు చూపించాలి?

ఇంటికి చేరిన రోజు ఫోన్. మూడు రోజుల్లోపు ఇంటికి వెళ్లడం. వారంలోపు హెల్త్ సెంటర్ డాక్టరు కాగితాలు చూడటం. మా పెద్దమ్మ విషయంలో ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా పుండు రూపాయి బిళ్లంత అయ్యేది కాదని నేను నమ్ముతాను.

8. కడుపు, కాగితం, కొట్లాట

రోగం సగం అయితే మిగతా సగం ఇది. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకి 15,000 రూపాయలు, డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకి 10,000, దివ్యాంగులకి 6,000, వృద్ధులకి 4,000 అని 2024లో పెంచారు. నాలుగు వేల పింఛనులోనే ఉండిపోయి, పదిహేను వేలకి అర్హత ఉందని తెలియనివాళ్లు పేటకి ఒకరిద్దరైనా తగులుతారు. దానికి వైకల్య సర్టిఫికెట్ కావాలి. సదరం (ఆ సర్టిఫికెట్ కోసం పరీక్షించే శిబిరం) స్లాట్ సచివాలయంలో బుక్ చేయించి, ఆ రోజు ఆటో, మోసేవాళ్లు, పాత కాగితాలు సిద్ధం చేయడం పూచీ మనిషి పని. మంచం మీద మనిషిని శిబిరానికి తీసుకెళ్లి "ఇవాళ డాక్టరు రాలేదు" అనిపించుకోవడం కన్నా నరకం లేదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

టీబీ మందులు వాడుతున్నవాళ్లకి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, 2024 నవంబరు నుంచి ఐదొందలు వెయ్యి అయింది. పడకపోతే చాలాసార్లు ఖాతా, ఆధార్ లింకు గొడవే.

తిండి సంగతికి పథకం వెతక్కండి. ఐదు రూపాయల అన్న క్యాంటీన్ ఉంది గానీ, నడవలేని మనిషి అక్కడికి రాలేరు. మా ఆర్పీ డ్వాక్రా సంఘంలో ఒక మాట కదిపింది: "వండేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువ వెయ్యండి." ఇప్పుడు నాలుగు ఇళ్ల నుంచి వంతులవారీగా ఒక ముసలాయనకి గిన్నె వెళ్తుంది. ఆయన పప్పులో ఉప్పు తక్కువైందని తిడుతుంటాడు కూడా.

పిల్లలు చూడకపోతే? ముందు పెద్దమనుషుల మాట, అక్కడ కుదరకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కి అర్జీ. నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం దానికి ఉంది. పెద్దల హెల్ప్‌లైన్ 14567, ఉచిత న్యాయ సహాయం 15100, మానసిక సమస్యలకి టెలి మానస్ 14416. ఇంట్లో కొడుతున్నట్టు అనుమానం వస్తే మహిళా పోలీస్‌కి విడిగా చెప్పండి, మీటింగులో కాదు.

9. నొప్పి

క్యాన్సర్ చివరి దశలో "ఇంటికి తీసుకెళ్లిపోండి" అన్నాక ఆ ఇంటికి ఎవరూ వెళ్లరు. ఈ విషయంలో దారి చూపింది కేరళ. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన చిన్న సొసైటీ, తర్వాత మలప్పురం ప్రాంతంలో ఇరుగుపొరుగు జట్లుగా పాకింది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లను తీసుకుని, 16 గంటల పాఠాలు, నాలుగు రోజులు ఇళ్లకు తిప్పి తర్ఫీదు ఇచ్చేవారు. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని విధానంగానే తెచ్చింది. ఆ రెండు గంటల లెక్క మేం అరువు తెచ్చుకున్నాం. అంతకన్నా ఎక్కువ అడిగితే జనం మొదటి నెల వస్తారు, రెండో నెల రారు.

తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ అనగానే భయపడే ఇళ్లున్నాయి, డాక్టర్లూ ఉన్నారు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని ఇవ్వడం తేలికైంది. మీ పని మందు ఇవ్వడం కాదు. నొప్పి ఎంతుందో రోజూ రాసి (పదికి ఎన్ని మార్కులు అని అడిగితే చదువు లేనివాళ్లూ చెప్పగలరు) ఆ కాగితాన్ని రోగిని చూసే డాక్టరు దగ్గరికి చేర్చడం.

10. డబ్బు ముట్టుకోకండి

మొదటి ఆరు నెలలు బృందం పేరుతో రూపాయి కూడా వసూలు చేయొద్దు. సామాను మాత్రం తీసుకోండి. ఒక వీల్‌చైర్, రెండు వాకర్లు, ఒక ఎయిర్ బెడ్, ఒక కమోడ్ కుర్చీ, ఒక నెబ్యులైజర్. తాతో బామ్మో పోయాక అటక మీద పడి ఉన్నవే సగం దొరుకుతాయి. ఎవరి దగ్గర ఏముందో ఒక పేజీలో రాసుకోండి. చిల్లర ఖర్చులకి మహిళా ఆరోగ్య సమితులు మీ పేటలో ఉంటే వాటికి ఏడాదికి ఐదు వేలు వస్తాయి, తీర్మానం రాసి వాడొచ్చు. పోర్టు, హెచ్‌పీసీఎల్ లాంటి సంస్థల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలను అడిగేటప్పుడు నగదు కాకుండా వస్తువు అడగండి.

11. తుపాను జాబితా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అందుకే ఒక జాబితా కాగితం మీదే ఉండాలి, లామినేషన్ చేయించి మూడు ఇళ్లలో. అందులో ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్లు, డయాలసిస్ వాళ్లు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు, కదలలేనివాళ్లు. ఒక్కొక్కరి పక్కన మోసే ఇద్దరి పేర్లు. కుర్చీలో మోయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. రోగి వీపు కొండ వైపు, మొహం కిందివైపు ఉండాలి, నడుముకి తువ్వాలు కట్టాలి, కిందివైపు బలమైనవాడు నిలబడాలి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ అయితే దాని కాళ్లకి పగుళ్లున్నాయేమో ముందే చూడండి. మాకు ఒకటి 40వ మెట్టు దగ్గర విరిగింది. అదృష్టం కొద్దీ అది ఖాళీ కుర్చీతో చేసిన ప్రాక్టీసు.

12. ఏం లెక్కపెట్టాలి, ఎవరికి అప్పగించాలి

ఎన్ని మీటింగులు పెట్టామో లెక్కపెట్టకండి. మూడు అంకెలు చాలు: డిశ్చార్జ్ అయినవాళ్లలో ఎందరి ఇంటికి మూడు రోజుల్లో వెళ్లాం, నెల తిరక్కుండా ఎందరు మళ్లీ ఆసుపత్రిలో చేరారు, ఎందరికి కొత్తగా పుండ్లు పడ్డాయి. మొదటి మూడు నెలలు ఈ అంకెలు సిగ్గుపడేలా ఉంటాయి. రాయండి. హెల్త్ సెంటర్ గోడ మీద కూడా పెట్టండి, పేర్లు లేకుండా.

ఇక బదిలీలు. మంచి ఏఎన్ఎమ్ దొరికి, ఇరవై ఇళ్లకీ అలవాటు పడ్డాక బదిలీ ఆర్డరు వస్తుంది. డాక్టరు పీజీ సీటు వచ్చి వెళ్లిపోతారు. అప్పుడు రిజిస్టరు చేతికిచ్చి ఊరుకుంటే కొత్తగా వచ్చిన మనిషికి అది ఒక పుస్తకం, అంతే. పాత సిస్టరు వెళ్లే ముందు ఒక సాయంత్రం కొత్త సిస్టరుని వెంటబెట్టుకుని మెట్లన్నీ ఎక్కించాలి. ప్రతి గుమ్మంలో "నా తర్వాత ఈమె" అని చెప్పించాలి. క్యాలెండర్ పక్కన పాత నంబరు చింపేసి కొత్తది అక్కడే, ఆవిడ చేతే అతికించాలి.